ఎరిగిన వ్యాధి, ఎరుగని మందు



మన పల్లెలలో మశూచిని మశూచియని పిలిచినవారు అరుదు. "అమ్మవారు పోసినది" అనెడివారు. కొన్ని తావుల "తల్లి వచ్చినది" అనెడివారు. ఒడలిపై లేచిన పొక్కులకు ముత్యములని పేరు. ముత్యాలమ్మ, పోచమ్మ, నూకాలమ్మ అను పేర్లతో ఊరూరను ఆ తల్లికి గుడి యుండెను. రోగి పడుకొన్న గదియే ఆ దినములలో ఆమెకు మందిరము. గుమ్మమునకు వేపమండలు కట్టుదురు. ఇంట తాళింపు వేయరు. ఆ ఘాటు తల్లికి గిట్టదు. మాంసము వండరు, బిచ్చము పెట్టరు, చుట్టములను గడప దాటి రానీయరు. రోగిని వేపరెమ్మలతో విసరుదురు. పొక్కులు మాడిన పిమ్మట పసుపును వేపాకును కలిపిన నీళ్లు పోసి, చలివిడి నివేదన చేసి, తల్లిని మర్యాదతో సాగనంపుదురు.

ఈ యాచారములను మూఢత్వమని త్రోసివేయుట సులభము. మేమట్లు చేయజాలము. బిచ్చగానిని, చుట్టమును దూరముగా నుంచుట అంటువ్యాధి విషయమున మంచి పనియే. అంతకంటె పెద్ద ఉపకారము మరియొకటి వానిలో నున్నది. అవి ఇంటివారికి చేయవలసిన పని చూపినవి. ఏ పూట ఏమి చేయవలెనో, ఏ మాట అనవచ్చునో, ఏ మాట అనగూడదో ఇల్లాలికి తెలియును. బిడ్డ దక్కకపోయినను "అమ్మ తీసికొనిపోయినది" అని చెప్పుకొనుటకొక మాట యుండెను. ఆ వ్యాధి తీవ్రరూపమున సోకినవారిలో పదిమందికి ముగ్గురు మరణించెడివారు. బ్రదికినవారిలో పలువురి ముఖములు గుంటలు పడెడివి. కొందరి కన్నులు పోయెడివి. ఇంతటి దానికి ఇంటిలో చోటు దొరకినది. చేతిమీద రెండు గీతలు గీసి పోవు టీకాకు మాత్రము తలుపులు మూసిరి. ఈ వింతను గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచినాము.

మనుష్యుడు ఎరుగని దానిని చూచి భయపడునందురు. ఈ భయము చదువురాని పల్లెలకే చెందినదని తలచువారికి ముందుగా బోస్టను నగరపు కథ చెప్పవలసియున్నది.

జెన్నరు టీకా పుట్టకమునుపే మశూచికొక విరుగుడు లోకమున నుండెను. తేలికగా రోగము సోకినవాని పొక్కులోని రసిని తీసి, ఆరోగ్యముగా నున్నవాని చేతిమీద గీరి అంటించెడివారు. వానికి ఆ రోగమే కొద్దిగా వచ్చి పోయెడిది. మరల జన్మలో రాదు. వంగదేశమున టీకాదారులు ఋతువు ననుసరించి ఇంటింటికి తిరిగి ఈ పని చేసిరి. హాల్‌వెల్ అను ఆంగ్లేయుడు 1767లో లండను వైద్యులకు దీనిని వర్ణించి వ్రాసెను. టర్కీలో ముసలి స్త్రీలు చేయుచుండగా చూచి, మేరీ వర్ట్లీ మాంటెగ్యూ అను దొరసాని 1721లో లండనులో తన కుమార్తెకు చేయించెను. ఆఫ్రికావారును దీనిని ఎరుగుదురు. ఆఫ్రికానుండి తేబడిన ఒనేసిమస్ అను బానిస, తనకు చిన్ననాడు ఇట్లు చేసిరని బోస్టనులో తన యజమానియైన కాటన్ మాదర్ అను మతాచార్యునికి చెప్పియుండెను.

1721లో బోస్టనులో మశూచి చెలరేగినది. మాదర్ ప్రోద్బలముతో జాబ్డియెల్ బాయిల్‌స్టన్ అను వైద్యుడు తన కుమారునితో మొదలుపెట్టి దాదాపు 240 మందికి ఈ విధముగా రసి అంటించెను. వారిలో మరణించినవారు ఆరుగురు. సహజముగా రోగము సోకినవారిలో 844 మంది మరణించిరి. లెక్క ఇంత స్పష్టముగా నున్నను నగరము మండిపడెను. నగరమున పట్టభద్రుడైన వైద్యుడే ఈ పద్ధతికి ప్రధాన శత్రువు. నవంబరు నెలలో నొకనాటి తెల్లవారుజామున మాదర్ ఇంటి కిటికీగుండ ఎవరో బాంబు విసరిరి. దైవవశమున అది పేలలేదు. ఒక పత్రిక ఈ పద్ధతిని వారము వారము ఎగతాళి చేయుచుండెను. ఆ పత్రికాధిపతి జేమ్స్ ఫ్రాంక్లిన్. అతని అచ్చుకూటమున పదునైదేండ్ల తమ్ముడొకడు పని నేర్చుకొనుచుండెను. ఆ తమ్ముని సంగతి తరువాత చెప్పెదము.

జెన్నరు కథ శ్రోతలలో చాలమంది ఎరిగినదే. ఆవు పొదుగున వచ్చు చిన్న పొక్కులు పాలు పిదుకు స్త్రీల చేతులకు అంటుననియు, అట్లు అంటినవారికి మశూచి రాదనియు పల్లెటూరివారు చెప్పుకొనెడి మాటను ఎడ్వర్డు జెన్నరు పరీక్షకు పెట్టెను. 1796 మే 14వ తేదీన సారా నెల్మ్స్ అను పాలపిల్ల చేతి పొక్కునుండి రసి తీసి, ఎనిమిదేండ్ల జేమ్స్ ఫిప్స్‌కు అంటించెను. జులైలో అసలు మశూచి రసిని అంటించి చూచినను బాలునికి ఏమియు కాలేదు. ఇందు ప్రమాదము వెనుకటి పద్ధతికంటె ఎంతయో తక్కువ. అయినను భయము తగ్గలేదు సరికదా, రూపము మార్చుకొని పెరిగినది. పశువు రసము మనుష్యునిలో చేరిన ఏమగునో అని లండనులో పేరుపొందిన వైద్యుడు బెంజమిన్ మోస్లే గ్రంథములు వ్రాసెను. టీకా వేయించుకొన్నవారి ముక్కులనుండి, చేతులనుండి, చెవులనుండి చిన్న చిన్న ఆవులు మొలచుకొని వచ్చుచున్నట్లు గిల్‌రే అను చిత్రకారుడు 1802లో వ్యంగ్యచిత్రము గీసెను. నేడు మనము దానిని చూచి నవ్వుదుము. ఆనాడు దానిని చూచినవారిలో సగమైన నవ్వుచునే తమ పిల్లల నుదుళ్లు తడిమి చూచుకొనియుందురని మా యనుమానము.

ఇక మా ఇంటి సంగతి. 1962లో మన దేశమున జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనది. అటుపిమ్మట కొలది కాలమునకు మా యూరికి టీకాల ఉద్యోగి వచ్చెను. మాకప్పుడు ఏడేండ్లుండును. అతడు కాలిబాటన కనబడినాడనగనే పిల్లలమందరము గడ్డివాముల చాటునకు పోయితిమి. ఇండ్ల తలుపులు ఒకటొకటిగ మూసికొన్నవి. చిన్న ముండ్ల బిళ్లను చేతిపై నొక్కి తిప్పుటయే అతడు చేయు పని. అది పెద్ద బాధ కాదని తరువాత తెలిసినది.

మా నాయనమ్మ ముఖమంతయు అమ్మవారి మచ్చలే. ఆమె తన బిడ్డల నిద్దరిని ఆ వ్యాధికే పోగొట్టుకొన్నది. ఆ వ్యాధి యెట్టిదో ఊరిలో ఆమెకంటె ఎరిగినవారు లేరు. టీకా కావలెనని ముందుగా చేయి చాపవలసినది ఆమెయే కదా యని అందరును అనుకొందురు. ఆమెయే గడపకడ్డముగా నిలిచినది. అరుగుమీద కూర్చున్న ఆ ఉద్యోగి "రోగం సంగతి నీకు తెలీదా పెద్దమ్మా?" అని మెల్లగా అడిగెను. ఆమె చెప్పిన మాట మాకు నేటికిని వినబడుచున్నది.

"తెలుసు నాయనా. పోయిన ఇద్దరినీ అమ్మ తీసుకుపోయింది. వీడికేమన్నా అయితే మాత్రం, చెయ్యి పట్టుకుని నీ ముందు కూచోబెట్టింది నేనవుతాను గదా!"

పెద్దవారమైన పిమ్మట మేము ఈ మాటను పలుమారులు తలచుకొంటిమి. టీకా ఎట్లు పనిచేయునో ఆమెకు తెలియదు, అది నిజము. కాని ఆమె భయమునకు మూలము ఆ తెలియకపోవుట కాదు. వ్యాధి వచ్చిన అది తనంత తాను వచ్చును. మందు మాత్రము మన చేతిమీదుగా రావలెను. పాతది కొట్టిన దెబ్బకు ఎవరును బాధ్యులు కారు. క్రొత్తదానిని ఇంటిలోనికి పిలిచినవాడు దాని ఫలమునకు తానే పూచీ పడవలెను. మార్పును చూచి వెనుదీయు మనుష్యుడు తరచుగా ఈ పూచీని చూచియే వెనుదీయుచున్నాడు. దానిని పిరికితనమనుట న్యాయము కాదు. అందు ప్రేమయు కలదు.

ఇప్పుడు బోస్టను అచ్చుకూటములోని ఆ తమ్ముని సంగతి. అతడే బెంజమిన్ ఫ్రాంక్లిన్. పెరిగి పెద్దవాడై, ఆ పద్ధతి మంచిదని గ్రహించి, దానిని సమర్థించినవాడు. అయినను తన కొడుకు ఫ్రాన్సిస్‌కు సకాలమున చేయించలేదు. 1736లో నాలుగేండ్ల ఆ బాలుడు మశూచితో మరణించెను. ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో ఈ సంగతి వ్రాసికొని దుఃఖించినాడు. రసి అంటించినందున బిడ్డ చనిపోయిన తమ్ము తాము క్షమించుకొనలేమని వెనుకాడు తలిదండ్రులకొరకే తానిది వ్రాయుచున్నాననియు, చేయించనందుకు కలుగు దుఃఖమును అట్టిదే యనియు, కావున ప్రమాదము తక్కువయైన దారినే యెన్నుకొనవలెననియు అతని భావము. మా నాయనమ్మ ఫ్రాంక్లిన్ పేరు వినియుండదు. ఆమె సంశయమును ఆయన ఎరుగును. చేయకుండుటయు ఒక చేతయేనని ఆయన కొడుకును పోగొట్టుకొని తెలిసికొన్నాడు.

ఆ టీకాల ఉద్యోగి పేరు మాకు తెలియదు. అతడు ఫ్రాంక్లిన్ వాదమును చెప్పలేదు. గద్దించను లేదు. మజ్జిగ త్రాగి వెళ్లిపోయెను. ఆనాడు పొరుగింటి పిల్లలకు మాత్రము టీకాలు వేసెను. మూడు వారముల తరువాత మరల వచ్చెను. ఈలోపల మా నాయనమ్మ దినమునకొకమారు ఆ పొరుగింటికి పోయి, ఆ పిల్లల చేతులను పట్టి పట్టి చూచినది. మొదట చిన్న ఎరుపు. తరువాత పొక్కు. పిమ్మట అది పండి, మాడి, పక్కు కట్టినది. ఆమెకది క్రొత్త వస్తువు కాదు. ఎన్నిమార్లో చూచినదే, ఒడలంతయు కాక ఒక్కచోట నిలిచినది, అంతియే. ఆ యింటివారితో "అమ్మ ఒక్క ముత్యం ఇచ్చి పోయిందే!" అన్నది. ఉద్యోగి మరల వచ్చిననాడు గడ్డివాము వెనుకనుండి మమ్ము ఈడ్చుకొని వచ్చినది ఆమెయే. టీకా వేసిన చోట ఆ రాత్రి వేపరెమ్మతో విసరినది కూడ ఆమెయే. ఆ మచ్చ మా చేతిపై నేటికిని కలదు.

ఇందులో మేము గమనించిన దేమనగా, ఆమె పాతదానిని విడిచిపెట్టి క్రొత్తదానిని పట్టుకొనలేదు. క్రొత్తదానికి పాత పేరు పెట్టి ఇంటిలోనికి రానిచ్చినది. ఆ పేరు పెట్టుటకు ఆమెకు మూడు వారములు పట్టినవి.

ఈ రహస్యమును నూటయేబదియేండ్లకు పూర్వమే కనిపెట్టిన బుద్ధిమంతుడొకడు చెన్నపట్టణమున నుండెను. టీకా రసి మన దేశమునకు ఎట్లు వచ్చినదో ముందు చెప్పవలెను. ఎండకు అది చెడిపోవును. వియన్నాలోని డి కారో అను వైద్యుడు పంపిన రసి బాగ్దాదు, బస్రా పట్టణములమీదుగా ప్రయాణము చేసి, 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలిక చేతిపై మన దేశమున మొదటిసారి పండినది. అచ్చటినుండి చేతినుండి చేతికి ఇతర పట్టణములకు ప్రాకినది. జనులు ముందుకు రాలేదు. అప్పుడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ఉపాయము పన్నెను. తెలుగువారికి ఎల్లిస్ పేరు క్రొత్తది కాదు. తెలుగు మొదలగు దక్షిణభాషలు సంస్కృతజన్యములు కావనియు, వేరొక కుటుంబమునకు చెందినవనియు 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో చూపినవాడతడే. ఆయన టీకానుగూర్చి సంస్కృతమున చిన్న కావ్యము రచించి, పాత కాగితముమీద వ్రాయించి, అది ప్రాచీన గ్రంథము దొరకినదన్నట్లు ప్రచారమునకు పంపెనని ఆ కాలపు అధికారి జాన్ మాల్కం వ్రాసియున్నాడు. మన పూర్వులే ఎరిగినదని నమ్మిన పండితులు అంగీకరింతురని ఆయన ఆశ.

ఎల్లిస్ పాండిత్యముపై మాకు గౌరవమున్నది. ఈ పనిని మాత్రము మెచ్చలేము. ఉద్దేశము మంచిదే, మనస్సును గూర్చిన ఊహయు సరియైనదే. కాని పాత పేరు పెట్టుకొను హక్కు ఇంటివారిది. వారు చూచి, తడిమి, తమంత తాము పెట్టుకొన్న పేరు నిలుచును. పైవాడు దొంగచాటుగా అతికించిన పేరు ఏనాడైన ఊడును. అది ఊడినప్పుడు మందుమీది నమ్మకమును ఊడదీసికొని పోవును.

భయపడినవారి భయములన్నియు వట్టివని అనుకొనుట కూడ పొరబాటు. చేతినుండి చేతికి రసి అంటించు కాలమున ఒకరి రోగము మరియొకరికి అంటిన మాట వాస్తవము. 1861లో ఇటలీలోని రివాల్టా అను ఊర ఈ విధముగా 40 మందికి పైగా పిల్లలకు సవాయి రోగము సోకినది. మన దేశమున ఒక కులమువాని చేతి రసిని మరియొక కులమువాని చేతికి అంటించుటకు ఒప్పుకొనలేదు. రసి తీయుటకై పసిపిల్లల చేతి పొక్కును పొడుచుటను ఏ తల్లియు సహింపలేదు. ఆంగ్లదేశమున 1853లో టీకాను నిర్బంధము చేసిరి; కట్టనివారికి జరిమానాలు, చెరసాలలు. 1885లో లెస్టరు నగరమున వేలకొలది జనులు జెన్నరు బొమ్మను ఊరేగించి అవమానించిరి. 1898లో ఆ ప్రభుత్వము మనస్సు ఒప్పనివారికి మినహాయింపు నిచ్చి, అదే చట్టమున చేతినుండి చేతికి రసి మార్చుటను కూడ మాన్పించినది. దూడల చర్మముపై రసిని పెంచు పద్ధతి అప్పటికి వచ్చియుండెను. చెన్నపట్టణపు గిండీలో 1899లో స్థాపితమైన కింగ్ సంస్థ ఈ రసిని తయారుచేసి రాజధానిలోని జిల్లాలకు పంపుచుండెను. ఆ జిల్లాలలో మన ఆంధ్ర జిల్లాలును ఉండెను. భయపడినవారు గోల చేయకున్న ఈ మార్పులు ఇంకను ఆలస్యమై యుండెడివని మా తలంపు.

కడపటి ఘట్టమున కథ కఠినమైనది. 1974లో మన దేశమున దాదాపు 1,88,000 మందికి మశూచి సోకినది. 31,000 మందికి పైగా మరణించిరి. ఎక్కువ భాగము బీహారులోనే. మశూచి సోకిన శిశువు చిత్రమున్న అట్టను పట్టుకొని ఉద్యోగులు సంతలలోను, బడులలోను తిరిగి, ఇట్టి బిడ్డను ఎచ్చటనైన చూచితిరా యని అడిగిరి. వ్యాధి కనబడిన యింటి చుట్టును టీకాలతో కంచె కట్టిరి. ఆ కంచెలో నొక్క సందు మిగిలినను పని వ్యర్థము. కొన్ని తావుల బలాత్కారము చేసిరి. సింహభూమి ప్రాంతమున ఒక హో గిరిజన పెద్ద యింటి తలుపును రాత్రివేళ పగులగొట్టి, పెనుగులాడుచున్న ఆలుమగలను పట్టి టీకాలు వేసిన సంగతిని, ఆ బృందమున నున్న అమెరికా వైద్యుడు లారెన్స్ బ్రిలియంట్ తరువాత వ్రాసినాడు. అంతయు ముగిసిన పిమ్మట ఆ పెద్ద తన పెరటిలోని కాయను కోసి వచ్చినవారి కిచ్చెనట. ఈశ్వరేచ్ఛకు లొంగుట తన ధర్మమనియు, తన ధర్మమును తాను నెరవేర్చితిననియు, వారి ధర్మమును వారు నెరవేర్చిరనియు, ఇక వారు తనకు అతిథులనియు చెప్పెనట.

ఎవరిది న్యాయమో మేము తేల్చలేము. ఆ సందు మూయకున్న మరికొందరు పిల్లలు మరణించియుందురు. తలుపు పగులగొట్టుటయు తప్పే. 1975 మే నెలతో మన దేశమున మశూచి అంతరించినది. 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్య మహాసభ భూమిమీద ఆ వ్యాధి లేదని ప్రకటించినది.

సహజముగా ఆ వ్యాధి సోకినవారిలో కడపటివాడు సోమాలియాలో మెర్కా పట్టణపు ఆస్పత్రి వంటవాడు, అలీ మావో మాలిన్. 1977 అక్టోబరులో రోగులైన ఇద్దరు పిల్లలను తీసికొనిపోవు బండివానికి దారి చూపుటకై కొలది నిమిషములు ఆ బండిలో కూర్చుండెను. ఆస్పత్రిలో పనిచేయువాడే అయినను అతడు టీకా వేయించుకొనలేదు. నొప్పి కలుగునని భయపడితినని తరువాత తానే చెప్పెను. అప్పుడతనికి ఇరువదిమూడేండ్లు. వ్యాధి వచ్చి తగ్గినది.

చాల ఏండ్ల తరువాత, పోలియో చుక్కలు వేయించుటకు వెనుకాడు తల్లుల యిండ్లకు ఈ మాలిన్ స్వచ్ఛందముగా పోవుచుండెను. తాను టీకాకు భయపడిన కథను వారికి చెప్పెడివాడు. 2013లో సోమాలియాకు పోలియో మరల వచ్చినప్పుడు అదే పనిమీద తిరుగుచు, జులై నెలలో మలేరియా జ్వరముతో మరణించెను.